కొత్త కళ్లద్దాలతో నేల ఎందుకు ఊగుతుంది?

మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకున్నవాళ్లకు రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొన్నాళ్లు ఓపిక పట్టు, అదే అలవాటవుతుంది అంటారు కొందరు. తల తిరుగుతోందంటే పవర్ తప్పు ఇచ్చారు, వెళ్లి మార్పించుకో అంటారు ఇంకొందరు. రెండిట్లోనూ నిజం ఉంది. ఏది ఎవరికి వర్తిస్తుందో చెప్పేవాళ్లే తక్కువ.

తల తిరగడం, కళ్లు లాగడం, మెట్లు దిగేటప్పుడు అడుగు తడబడటం, తలుపు చట్రం వంగినట్టు కనిపించడం... వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తాం. కానీ ఇవి పుట్టే చోట్లు వేరు. కొన్ని అద్దం ఆకారం వల్ల వస్తాయి. కొన్ని కంటి కండరం వల్ల, కొన్ని మెదడుకున్న పాత లెక్కల వల్ల వస్తాయి. కొన్నిటికి ఫ్రేమ్ బిగించేటప్పుడు తీసిన కొలతే కారణం. ఏది ఎక్కడ పుట్టిందో తెలిస్తే, ఏది దానంతటదే తగ్గుతుందో, ఏది ఎన్నాళ్లు ఆగినా తగ్గదో చాలావరకు తేలిపోతుంది.

చీటీలో రాసిన అంకెలు

కంటిలోకి వచ్చే వెలుతురు వెనకవైపున్న రెటీనా పొర మీద సరిగ్గా కలిస్తేనే బొమ్మ స్పష్టంగా ఉంటుంది. వెలుతురును వంచి అక్కడికి చేర్చేవి రెండు: కంటి ముందుభాగంలోని పారదర్శకమైన కార్నియా, దాని వెనక ఉన్న లెన్సు. ఈ వంచే శక్తిని డయాప్టర్లలో కొలుస్తారు. మామూలు కంటికి మొత్తం మీద సుమారు 60 డయాప్టర్ల శక్తి ఉంటుంది. అందులో మూడింట రెండు వంతులు కార్నియాదే. చీటీలో కనిపించే మైనస్ 1, ప్లస్ 2 లాంటివి ఈ 60కి చేసే చిన్న సవరణలన్నమాట. కనుగుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే చాలు, సుమారు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల మైనస్ వస్తుంది.

డయాప్టర్ లెక్క కష్టమేమీ కాదు. 1ని మీటర్లలో ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేదే డయాప్టర్. మైనస్ 2 ఉన్నవారికి అద్దాలు లేకుండా అర మీటరు దాకా స్పష్టంగా కనిపిస్తుంది, ఆపైన మసక మొదలవుతుంది. మైనస్ 0.50 అయితే ఆ హద్దు రెండు మీటర్లు. మైనస్ 4 అయితే పావు మీటరే. అందుకే మైనస్ 0.50 మనిషి ఇంట్లో అద్దాలు లేకుండా హాయిగా తిరిగేస్తాడు. మైనస్ 4 మనిషికి ఎదుటివాళ్ల ముఖకవళికలు కూడా అందవు. ఇద్దరినీ సైట్ ఉన్నవాళ్లనే అంటాం, కానీ ఇద్దరికీ అద్దాలతో మొదటి వారం ఒకేలా గడవదు.

ప్లస్ పవర్, అంటే దీర్ఘదృష్టి, దీనికి తిరగేసిన కథ. కనుగుడ్డు కాస్త పొట్టిగా ఉండటం వల్ల వెలుతురు రెటీనా దాకా వచ్చినా ఇంకా ఒకచోట కలవదు. వయసులో ఉన్నవాళ్ల కంటి లెన్సు ఉబ్బి ఆ లోటును పూడ్చేస్తుంది. కాబట్టి తమకు సైట్ ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఈ విషయం దగ్గరికి మళ్లీ వద్దాం.

చీటీలో సిలిండర్, యాక్సిస్ అనే గడులు కూడా ఉంటాయి. కార్నియా వంపు అన్ని దిక్కుల్లోనూ ఒకేలా లేకపోతే ఆస్టిగ్మాటిజం వస్తుంది. ఆ తేడా ఎంతో సిలిండర్ చెబుతుంది. అది ఏ దిక్కులో ఉందో 1 నుంచి 180 డిగ్రీల మధ్య యాక్సిస్ చెబుతుంది. స్ఫియర్ (అంటే ఆ మైనస్, ప్లస్ అంకె) అయినా సిలిండర్ అయినా 0.25 చొప్పున పెరుగుతుంది. అందుకే చీటీల మీద 1.25, 1.50, 1.75 లాంటి అంకెలే కనిపిస్తాయి.

స్పష్టతతో పాటు పరిమాణమూ, చోటూ మారతాయి

కళ్లద్దం కంటికి అంటుకుని ఉండదు. కార్నియాకు సుమారు 12 మిల్లీమీటర్ల ముందు నిలబడుతుంది. ఇబ్బందుల్లో సగం ఈ చిన్న ఖాళీలోనే పుడతాయి.

మైనస్ అద్దం వస్తువుల్ని కాస్త చిన్నవిగా, ప్లస్ అద్దం కాస్త పెద్దవిగా చూపిస్తుంది. ఒక్కో డయాప్టర్‌కు సుమారు ఒకటిన్నర శాతం తేడా అనుకోవచ్చు. మైనస్ 2 అద్దంలోంచి చూస్తే ప్రపంచం దాదాపు 3 శాతం కుంచించుకుపోతుంది. 170 సెంటీమీటర్ల మనిషి 165 సెంటీమీటర్ల మనిషిలా కనిపిస్తాడు. ఎదురుగా ఉన్న మనిషి పొట్టయ్యాడని ఎవరూ అనుకోరు గానీ, ఇంకాస్త దూరం జరిగాడన్న భావన కలగొచ్చు. కప్పు అందుకోబోతే చెయ్యి అంచనా తప్పేది ఇందుకే. కాంటాక్ట్ లెన్సు కంటి మీదే కూర్చుంటుంది కాబట్టి దానితో ఈ తేడా చాలా తక్కువ.

పరిమాణంతో పాటు చోటు కూడా మారుతుంది. అద్దం మధ్యలోంచి చూస్తే వెలుతురు నేరుగా వస్తుంది. మధ్య నుంచి పక్కకు జరిగే కొద్దీ అద్దం ప్రిజంలా పనిచేసి బొమ్మను జరుపుతుంది. ఎంత జరుపుతుందో లెక్క కట్టడం తేలిక: మధ్య నుంచి ఎన్ని సెంటీమీటర్లు జరిగామో దాన్ని పవర్‌తో గుణించాలి. వచ్చిన అంకె (దీన్ని ప్రిజం డయాప్టర్లు అంటారు) ఎంతో, ఒక మీటరు దూరంలో ఉన్న వస్తువు అన్ని సెంటీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది.

మైనస్ 3 పవరున్న మనిషి మెట్లు దిగుతున్నాడు. తల వంచకుండా కళ్లు మాత్రమే కిందికి దించాడు. చూపు అద్దం మధ్య నుంచి ఒక సెంటీమీటరు కింద పడింది. 3ని 1తో గుణిస్తే 3. మెట్టు కంటికి ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే అది 4.5 సెంటీమీటర్లు జరుగుతుంది. మైనస్ అద్దంలో ఆ జరుగుడు పైకి ఉంటుంది. నేల ఉన్నచోటు కంటే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, అడుగు ఆనాల్సిన క్షణంలో ఆనదు. ప్లస్ అద్దంలో నేల కిందికి జరుగుతుంది. ఇంకా కింద ఉందనుకున్న మెట్టు ముందే అరికాలికి తగులుతుంది. తల వంచి, అద్దం మధ్యలోంచి చూస్తే ఈ తేడా దాదాపు పోతుంది. కొత్తవాళ్లలో చాలామంది ఎవరూ చెప్పకుండానే వారం తిరిగేసరికి తల వంచి మెట్లు దిగడం నేర్చేసుకుంటారు.

ఫ్రేమ్ అంచు దగ్గర ఇంకో వింత ఉంది. మైనస్ అద్దం అంచున ఒకే వస్తువు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకటి అద్దంలోంచి, ఇంకొకటి బయటి నుంచి. ప్లస్ అద్దం అంచున ప్రపంచంలో ఒక సన్నటి పట్టీ మాయమైపోతుంది. ఇది పవర్ ఎక్కువున్నవాళ్లకే బాగా తెలుస్తుంది.

తల తిప్పినప్పుడు గోడలు కదలడం

"ఎటైనా చూస్తే అంతా తేలిపోతున్నట్టుంది" అని ఫిర్యాదు చేసేవాళ్లు, కుర్చీలో కదలకుండా కూర్చుంటే మాత్రం బాగానే ఉందంటారు. ఈ చిన్న వివరం చాలా చెబుతుంది.

మనం తల కుడికి తిప్పినప్పుడు కళ్లు అంతే వేగంతో ఎడమకు తిరుగుతాయి. లేకపోతే నడుస్తూ ఒక బోర్డు కూడా చదవలేం. చెవి లోపలున్న అర్ధవృత్తాకార గొట్టాలు తల కదలికను పసిగట్టి కంటి కండరాలకు కబురు పంపుతాయి. దీన్ని వెస్టిబ్యులో ఆక్యులర్ రిఫ్లెక్స్ అంటారు. కబురు అందడానికి దాదాపు సెకనులో వందో వంతు చాలు. అంత వేగం ఉండాలంటే చూసి, ఆలోచించి, సరిదిద్దుకునే తీరిక ఉండదు. తల ఎన్ని డిగ్రీలు తిరిగితే కన్ను అన్ని డిగ్రీలు తిరగాలన్న నిష్పత్తి ముందే రాసిపెట్టి ఉండాలి.

మైనస్ 2 అద్దం పెట్టగానే ఆ నిష్పత్తి చెడిపోతుంది. ప్రపంచం కుంచించుకుపోయింది కాబట్టి, తల 20 డిగ్రీలు తిరిగితే కన్ను 19 డిగ్రీలు తిరిగితే సరిపోతుంది. కన్ను మాత్రం పాత అలవాటు కొద్దీ 20 తిరుగుతుంది. ఆ ఒక్క డిగ్రీ పొరపాటుకు బొమ్మ రెటీనా మీద జారుతుంది. గోడ కదిలిందని మెదడు అనుకుంటుంది. చెయ్యి చాచి చిటికెన వేలి గోరు చూస్తే దాని వెడల్పు ఇంచుమించు ఒక డిగ్రీ. తల తిప్పిన ప్రతిసారీ గది మొత్తం గోరంత జారుతోందంటే కడుపులో తిప్పడంలో ఆశ్చర్యమేముంది? చెవి ఒక మాట చెబుతుంటే కన్ను ఇంకో మాట చెబుతోంది. ప్రయాణంలో వాంతులు వచ్చేదీ ఇలాంటి గొడవ వల్లే.

ఈ నిష్పత్తిని తిరగరాసే పని చిన్నమెదడుది. బొమ్మ ఎంత జారిందో గమనిస్తూ, కొంచెం కొంచెంగా కంటి వేగాన్ని సవరిస్తుంది. అందుకు దానికి తప్పులు కావాలి. అద్దాలు పెట్టుకుని కదలకుండా కూర్చుంటే తప్పులు జరగవు కాబట్టి నేర్చుకోవడానికీ ఏమీ ఉండదు. నడవడం, తల తిప్పడం, చుట్టూ చూడటం వల్లే సర్దుబాటు ముందుకు సాగుతుంది. ఈ తేలిపోయే భావన చాలామందికి కొద్దిరోజుల్లో, కొందరికి రెండు వారాల్లో తగ్గిపోతుంది.

మెదడు ఎంతవరకు సర్దుకోగలదో చూడటానికి జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1890లలో తన మీదే ఒక ప్రయోగం చేసుకున్నాడు. ఒక కన్ను మూసి, రెండో కంటికి ప్రపంచాన్ని తలకిందులుగా చూపించే కటకాలు కట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. కొన్నాళ్లకు అంతా నిటారుగా కనిపించసాగిందని ఈ కథ ప్రచారంలో ఉంది. జర్మన్ పరిశోధకులు 1999లో ఇదే పద్ధతిని మళ్లీ పరీక్షిస్తే అలా జరగలేదు. బొమ్మ తలకిందులుగానే ఉంది, కానీ దానితోనే నడవడం, వస్తువులు అందుకోవడం వచ్చేశాయి. కళ్లద్దాలకూ ఇది కొంతవరకు వర్తిస్తుంది. ముందు సర్దుకునేది కదలిక. వస్తువులు చిన్నగా కనిపించడం పూర్తిగా పోయిందా, లేక పట్టించుకోవడం మానేశామా అనేది తేల్చడం కష్టం, తేల్చాల్సిన అవసరమూ పెద్దగా లేదు.

సిలిండర్ ఉంటే నేల వాలుతుంది

ఇంగ్లండ్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ బిడెల్ ఎయిరీ 1820లలో తన ఎడమ కంటిలోని ఆస్టిగ్మాటిజాన్ని కొలుచుకుని, దానికి తగ్గ సిలిండర్ అద్దాన్ని లెక్కగట్టి చేయించుకున్నాడు. ఇప్పుడు చీటీల్లో కనిపించే సిలిండర్ గడి చరిత్ర అక్కడ మొదలవుతుంది.

మామూలు మైనస్ అద్దం అన్ని వైపులా సమానంగా కుదిస్తుంది. సిలిండర్ అద్దం ఒక దిక్కులోనే కుదిస్తుంది. యాక్సిస్ 90 లేదా 180 అయితే చతురస్రం దీర్ఘచతురస్రంలా మారుతుంది, దాన్ని ఎవరూ పెద్దగా గమనించరు. యాక్సిస్ 45, 135 లాంటి ఏటవాలు కోణాల్లో ఉంటే నిలువు గీత పక్కకు వాలుతుంది. ఆ వాలు మహా అయితే ఒక్కో డయాప్టర్‌కు 0.4 డిగ్రీ. ఇంత చిన్న తేడాకు బల్ల ఒరిగిపోయినట్టు, నేల ఒకవైపు పల్లమైనట్టు ఎందుకుంటుంది?

దానికి జవాబు రెండు కళ్లలో ఉంది. సాధారణంగా రెండు కళ్ల యాక్సిస్‌లు అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి: కుడికి 45 అయితే ఎడమకు 135. కాబట్టి గీత ఒక కంటిలో కుడికి, రెండో కంటిలో ఎడమకు వాలుతుంది. రెండు కళ్ల బొమ్మల మధ్య తేడానే మెదడు లోతుగా చదువుతుంది. ఆ చిన్న వాలును కూడా అది లోతుగా అర్థం చేసుకుని, గోడ తనవైపు వంగిందని తీర్మానిస్తుంది. ఒక కన్ను మూస్తే ఆ వంపు చాలావరకు మాయమవుతుంది. అలా మాయమైతే అద్దాన్ని తప్పు పట్టాల్సిన పనిలేదు, రెండు కళ్ల లెక్క ఇంకా కుదరలేదంతే.

ఇక్కడ కంటి వైద్యుల్లోనే రెండు పద్ధతులున్నాయి. ఉన్న సిలిండర్‌ను మొదటి రోజే పూర్తిగా ఇవ్వాలన్నది ఒక వాదన: స్పష్టత బాగుంటుంది, సర్దుబాటు ఒక్కసారే జరిగిపోతుంది. పెద్దవాళ్లకు, అందులోనూ యాక్సిస్ ఏటవాలుగా ఉంటే, మొదట కొంత తగ్గించి ఇచ్చి తర్వాత పెంచాలన్నది రెండో వాదన: కాస్త మసక ఉన్నా మనిషి అద్దాలు తీసి పక్కన పడెయ్యకుండా వాడుకుంటాడు. పిల్లల విషయంలో ఈ తగాదా తక్కువ, వాళ్లు త్వరగా సర్దుకుంటారు కాబట్టి పూర్తి పవరే ఇస్తారు. పెద్దవాళ్లకు రెండో వాదనలోనే నాకు ఎక్కువ పస కనిపిస్తుంది. కాకపోతే అలా తగ్గించి ఇచ్చినప్పుడు ఆ మాట పేషెంటుకు చెప్పాలి. చెప్పకపోతే మిగిలిన మసకను చూసి పవర్ తప్పనుకుంటారు.

కంటి కండరానికి కొత్త పని, లేదా పాత పనికి సెలవు

చదివేటప్పుడు కళ్లు లాగడం, సాయంత్రానికి నుదుటి మీద నొప్పి రావడం వేరే రకం. దీనికి కారణం లెన్సును ఉబ్బించే కండరం.

పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కంటికి 2.5 డయాప్టర్ల అదనపు శక్తి కావాలి. మైనస్ 2 ఉన్న మనిషికి ఆ 2 డయాప్టర్లు ఊరికే వచ్చాయి, కండరం చేసే పని అర డయాప్టరే. ఇన్నేళ్లూ అలా గడిచిపోయింది. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని అదే పుస్తకం చదివితే కండరం దాదాపు పూర్తి 2.5 మోయాలి, అంటే ఇంచుమించు ఐదు రెట్లు. దీనితో పాటే కళ్లు లోపలికి తిరగడం కూడా ముడిపడి ఉంటుంది కాబట్టి ఆ పొందిక కూడా మారుతుంది. వయసులో ఉన్నవాళ్ల కండరానికి ఈ బరువు మోసే సత్తా ఉంటుంది. పని మానేసిన కండరానికి మొదట్లో నొప్పి సహజం.

ప్లస్ పవర్ వాళ్ల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. ప్లస్ 2 ఉన్న కుర్రాడు దూరం చూడటానికే రోజంతా 2 డయాప్టర్లు బిగిస్తూ ఉన్నాడు. అద్దం వచ్చాక ఆ పని అక్కర్లేదు. ఏళ్ల తరబడి బిగిసిన కండరం మాత్రం ఒక్కరోజులో వదలదు. 1 డయాప్టర్ బిగువు మిగిలిపోయిందనుకుందాం. అద్దం పెట్టుకున్న ఆ కుర్రాడు తాత్కాలికంగా మైనస్ 1 మనిషిలా చూస్తాడు: ఒక మీటరు దాటితే మసక. అద్దాలు తీస్తే దూరం స్పష్టం, పెడితే మసక! ఎవరైనా పవర్ తప్పనే అనుకుంటారు. కండరం సడలిన కొద్దీ ఈ మసక విడిపోతుంది. పిల్లలకు చుక్కల మందు వేసి కండరాన్ని పూర్తిగా సడలించి పవర్ చూసేది ఈ దాగి ఉన్న బిగువును బయటికి లాగడానికే. పెద్దవాళ్లకు కొందరు డాక్టర్లు మొదట తక్కువ ప్లస్ ఇచ్చి మెల్లగా పెంచేదీ దీన్ని దృష్టిలో పెట్టుకునే.

ఎంత ఆగినా తగ్గనివి

అన్నిటినీ మెదడు మీదికి నెట్టేస్తే అసలు తప్పు అలాగే ఉండిపోతుంది. చీటీ సరిగ్గా ఉన్నా, అద్దం బిగించడంలో తేడా రావొచ్చు.

రెండు కంటిపాపల మధ్య దూరం పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అద్దాల కేంద్రాలు కూడా అదే దూరంలో ఉండాలి. 63 ఉండాల్సిన చోట 68కి బిగించారనుకుందాం, పవర్ రెండు కళ్లకూ మైనస్ 4. తేడా అర సెంటీమీటరు, దాన్ని 4తో గుణిస్తే 2 ప్రిజం డయాప్టర్లు. కళ్లు ఎప్పుడూ ఆ మేరకు పక్కకు సవరించుకుంటూ ఉండాలి. అడ్డంగా వచ్చే తేడాను కళ్లు కొంత భరిస్తాయి. నిలువు తేడాను అస్సలు సహించవు. ఒక అద్దం కేంద్రం రెండోదానికంటే 3 మిల్లీమీటర్లు పైన ఉన్నా, అదే పవర్‌కు 1.2 ప్రిజం డయాప్టర్ల నిలువు తేడా వస్తుంది. చాలామందికి తలనొప్పో, రెండు బొమ్మలో రావడానికి అంత చాలు. మైనస్ 0.75 మనిషికి ఇవే పొరపాట్లు జరిగినా తెలియకపోవచ్చు. పవర్ పెరిగే కొద్దీ కొలత విలువ పెరుగుతుంది.

ఫ్రేమ్ ముక్కు మీంచి జారిపోతుంటే అద్దం దూరమూ, కేంద్రమూ రెండూ మారతాయి. చెవుల వెనక, కణతల దగ్గర నొక్కినట్టుండే నొప్పికి చూపుతో సంబంధమే లేదు, అది ఫ్రేమ్ బిగువు.

అయితే వేరు చేయడం ఎలా? సర్దుబాటు ఇబ్బందికి కొన్ని గుర్తులున్నాయి: కదిలినప్పుడు, అద్దం అంచుల్లోంచి చూసినప్పుడు ఎక్కువవుతుంది, రోజురోజుకూ తగ్గుతుంది. తప్పు పవర్ లేదా తప్పు కొలత అలా ఉండదు. తల కదపకుండా, అద్దం మధ్యలోంచి నేరుగా చూసినా మసకగానే ఉంటుంది. లేదా ఒక కంటికి స్పష్టంగా, ఇంకో కంటికి మసకగా ఉంటుంది. రెండు వారాలైనా మొదటి రోజులాగే ఉంటుంది. ఇందాక చెప్పుకున్న ప్లస్ పవర్ మసక ఒక్కటే దీనికి పెద్ద మినహాయింపు. దాన్ని తేల్చాల్సింది పరీక్షించిన డాక్టరే. ఇక ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి చుక్కల గుంపు, చూపులో ఒకవైపు తెర పడినట్టు ఉండటం, కంటిలో తీవ్రమైన నొప్పి... వీటికీ కొత్త అద్దాలకూ సంబంధం లేదు. ఇవి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాల్సిన లక్షణాలు.

తప్పూ కానిది, సర్దుబాటూ కానిది మరొకటి ఉంది. అద్దం అంచుల్లోంచి చూస్తే దీపాల చుట్టూ నీలం, పసుపు అంచులు కనిపించడం. అద్దం పదార్థం రంగుల్ని ఎంత విడదీస్తుందో ఆబ్బే సంఖ్య చెబుతుంది. సంఖ్య ఎక్కువుంటే విడదీత తక్కువ. మామూలు ప్లాస్టిక్ అద్దానికి అది 58, తేలికగా పగలని పాలీకార్బొనేట్‌కు 30. గట్టిదనం కోసం ఇచ్చే మూల్యం అది. రంగు అంచులు పోవు, చూపు వాటిని పట్టించుకోవడం మానేస్తుంది.

అద్దాలు వాడితే నంబర్ పెరుగుతుందా?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. నెల రోజులు అద్దాలు వాడి తీసేస్తే, మునుపటి కంటే మసకగా కనిపించిందని దాదాపు అందరూ చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మసకకు కూడా మెదడు అలవాటు పడుతుంది. మసక బొమ్మలోంచి వీలైనంత సమాచారం పిండుకోవడం నేర్చుకుంటుంది. మంచి చూపున్నవాళ్లకు కావాలని మసక అద్దాలు పెట్టి అరగంట ఉంచినా, కాసేపటికి వాళ్లు మొదటికంటే చిన్న అక్షరాలు చదవగలిగారని ప్రయోగాల్లో తేలింది. స్పష్టమైన చూపు రుచి చూశాక ఆ నేర్పు సడలుతుంది. మళ్లీ పరీక్షిస్తే పవర్ మాత్రం అదే ఉంటుంది.

పెద్దవాళ్ల వరకు ప్రశ్న ఇక్కడితో చాలావరకు తేలిపోతుంది. పిల్లల్లో మాత్రం నంబర్ నిజంగానే పెరుగుతుంది, కనుగుడ్డు పెరుగుతున్నంత కాలం. అద్దాలకు దీనితో సంబంధం ఉందా అన్నదే వివాదం. కావాలని తక్కువ పవర్ ఇస్తే పెరుగుదల నెమ్మదిస్తుందని చాలాకాలం నమ్మారు. మలేసియాలో 94 మంది పిల్లలను రెండేళ్లు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి ఎదురు ఫలితం వచ్చింది: తక్కువ పవర్ ఇచ్చినవాళ్లకే ఎక్కువ పెరిగింది. 2006లో వచ్చిన మరో అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2017లో చైనా నుంచి వచ్చిన ఫలితాల్లో అసలు అద్దాలు పెట్టుకోని పిల్లలకే పెరుగుదల నెమ్మదిగా ఉంది. ఇలా మూడు వైపులకు లాగే ఆధారాల్లో ఒక్కదాన్ని పట్టుకుని గట్టిగా చెప్పేవాళ్లను కాస్త అనుమానించడం మంచిది.

ఇప్పుడు చర్చ వేరే దారి పట్టింది. అద్దాలు పెట్టాలా వద్దా అన్నది వదిలేసి, ఎలాంటి అద్దాలన్న దానికి మళ్లింది. మధ్యలో స్పష్టంగా చూపిస్తూ, చుట్టూ వందల చిన్న కటకాలతో రెటీనా అంచున ఫోకస్‌ను మార్చే అద్దాలు రెండేళ్లలో పెరుగుదలను సగం మేర తగ్గించాయని హాంకాంగ్ పరిశోధకులు 2020లో ప్రచురించారు. ఆరుబయట గడిపే సమయం పెరిగితే మైనస్ రావడమే తగ్గుతుందన్నదానికీ మంచి ఆధారాలున్నాయి. ఈ వాదనలన్నిటి మధ్యా, బోర్డు కనిపించని పిల్లను అలాగే క్లాసులో కూర్చోబెట్టాలని ఎవరూ అనడం లేదు.

చత్వారం అద్దాలు

నలభై దాటాక మొదటిసారి అద్దాలు పెట్టుకునేవాళ్లకు పై లెక్కలు కొంత మారతాయి. కంటి లెన్సు గట్టిపడి ఉబ్బలేకపోవడం చత్వారం. ఒట్టి చదువు అద్దాలైతే సర్దుబాటు పెద్దగా ఉండదు. వాటిలోంచి తలెత్తి దూరం చూస్తే మసకగా ఉండటం వాటి స్వభావం.

తంటా అంతా ప్రోగ్రెసివ్ అద్దాలతోనే. ఫ్రాన్స్‌లో బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ అనే ఇలాంటి అద్దం 1959లో మార్కెట్లోకి వచ్చింది. గీత లేకుండా పైన దూరం, కింద దగ్గర, మధ్యలో మెల్లగా మారే పవర్. ఈ సౌకర్యానికి గణితం ఒక సుంకం వసూలు చేస్తుంది: పవర్ మధ్యలో ఎంత త్వరగా మారితే పక్కల్లో అంత ఎక్కువ మసక, వంకర చేరతాయి. ఎంత ఖరీదైన డిజైన్ అయినా ఆ వంకరను అటూ ఇటూ పరచగలదు గానీ పూర్తిగా తీసెయ్యలేదు. కాబట్టి ఇక్కడ నేర్చుకోవాల్సింది తల. పక్కనున్నదాన్ని కళ్లు తిప్పి చూసే బదులు ముక్కును అటు తిప్పి చూడాలి. చదవడానికి గడ్డం కొంచెం పైకెత్తి కళ్లు దించాలి. మెట్ల మీద మాత్రం దీనికి తిరగేసి, తల వంచి పైభాగంలోంచి చూడాలి. కింది భాగంలోని పవర్ చదవడానికి ఉద్దేశించినది, దాంట్లోంచి మెట్టు మసకబారిపోతుంది. ఒకే రోజులో ఇన్ని కొత్త అలవాట్లు రావు. కొందరికి ఎన్నాళ్లకూ రావు, వాళ్లు రెండు జతలు వాడుకుంటారు.

రోజంతా పెట్టుకోవాలా, అవసరానికి చాలా?

త్వరగా అలవాటు కావాలంటే రోజంతా పెట్టుకోవాలన్నది సాధారణంగా చెప్పే మాట. చిన్నమెదడుకు తప్పులు ఎక్కువ దొరికితే త్వరగా నేర్చుకుంటుందన్న లెక్కన అది సబబే. మొదట కొన్ని గంటలతో మొదలుపెట్టి పెంచమనేవాళ్లు మనిషి ఓపికను లెక్కలోకి తీసుకుంటారు. ఇంకో సంగతి కూడా ఉంది: మెదడు రెండు నిష్పత్తులను పక్కపక్కనే ఉంచుకోగలదు. ఏళ్లుగా అద్దాలు వాడుతున్నవాళ్లు వాటిని తీసినా పెట్టినా తల తిరగకపోవడానికి అదే కారణం. కాబట్టి మైనస్ 0.75 ఉన్న మనిషి బండి నడిపేటప్పుడు మాత్రమే పెట్టుకున్నా కొంపలేమీ మునగవు, సర్దుబాటు కాస్త ఆలస్యమవుతుందంతే. ఏటవాలు సిలిండరో, రెండు కళ్లకూ పెద్ద తేడానో ఉన్నవాళ్లకు పెడుతూ తీస్తూ ఉండటం వల్ల మొదటి వారం నెల అవుతుంది.

పిల్లల్లో ఇది ఇంకా లోతుగా వెళ్తుంది

చిన్నపిల్లలు తల తిరుగుతోందని చెప్పరు, అద్దాలు తీసి పారేస్తారు. ప్లస్ పవర్ ఇచ్చిన పిల్లలు మరీనూ, ఎందుకంటే మొదట్లో అద్దాలతో వాళ్లకు బాగా కనిపించకపోవచ్చు. మొండితనం అనుకునేది ఒక్కోసారి ఆ బిగిసిన కండరమే.

పిల్లల కళ్లలో ఒకదానికి పవర్ ఎక్కువగా ఉండి, మసక బొమ్మలే మెదడుకు చేరుతూ ఉంటే, మెదడు ఆ కంటిని పక్కన పెట్టేస్తుంది. దీన్నే ఆంబ్లయోపియా, మందగించిన కన్ను అంటారు. అలాంటి పిల్లకు సరైన అద్దం పెట్టిన మొదటి రోజు కూడా ఆ కంటికి పూర్తి స్పష్టత రాదు. అద్దం తప్పని అనుకోవడం ఎంతో తేలిక. కానీ వేరే ఏ చికిత్సా చేయకుండా, కేవలం అద్దాలు పెట్టుకుని ఉన్న పిల్లల్లో 18 వారాల దాకా ఆ కంటి చూపు మెరుగవుతూ పోయిందని పరిశోధకులు గమనించారు. కొందరు పిల్లలకు ఆ తర్వాత మంచి కంటికి ప్యాచ్ కట్టాల్సిన అవసరమే రాలేదు. పెద్దవాళ్లలో రెండు వారాలు దాటినా మసక తగ్గకపోతే అద్దాన్ని అనుమానించాలి. ఇలాంటి పిల్లల్లో మాత్రం నాలుగు నెలల తర్వాత చూపు ఎంత పెరిగిందో కొలిచాకే తర్వాతి మాట మాట్లాడతారు.